ఉన్నత పదవులకు అభ్యర్థులు సిద్ధమగు విధము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

 ప్రతి ఎన్నికలకు ముందును మన పెద్దలు రాజకీయ పక్షముల నాయకుల యిండ్లకుబోయి, మన కులమునకు ఇన్ని టిక్కెట్లు ఈయవలసినదని విన్నపములు సమర్పించుట ఆచారమైనది. ఆ విన్నపములందు మన జనసంఖ్య యుండును, దాతల నామములుండును. నిలువబెట్టదగిన వ్యక్తి యెవరని వారడిగినప్పుడు మాత్రము మనలో మనము ముఖములు చూచుకొందుము. టిక్కెట్టు ఒక్కదినమున లభింపవచ్చును. దానికి తగిన మనుష్యుని తయారుచేయుటకు పదియేండ్లు పట్టును. నేడు నేను విన్నవింపదలచిన దీ విషయమే.

పెద్ద పదవులకు రాదగినవారిని పక్షములు ముందుగా చిన్న పనులయందు పరీక్షించును. జాతీయోద్యమ కాలమున పురపాలక సంఘములు కాంగ్రెసు నాయకులకు పాఠశాలలైనవి. రాజగోపాలాచారిగారు 1917 మొదలు 1919 వఱకు సేలము పురపాలక సంఘాధ్యక్షులు. వల్లభాయి పటేలుగారు 1924 మొదలు 1928 వఱకు అహమ్మదాబాదు పురపాలక సంఘమునకు అధ్యక్షులు. జవహరులాలుగారు 1923లో అలహాబాదు పురపాలక సంఘాధ్యక్షులైరి. మన ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షత వహించిన పిమ్మటనే 1946లో మదరాసు ప్రధానియు, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియు నైరి. మురుగుకాలువలు, వీధిదీపములు, ఇంటిపన్నులు, గుమాస్తాల తగవులు — వీనియందు చేయి తిరిగినవారు రాజ్యవ్యవహారములకు బెదరలేదు.

రెండవ మార్గము పక్షముయొక్క కార్యాలయము. నీలము సంజీవరెడ్డిగారు 1938 మొదలు సుమారు పదియేండ్లు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘ కార్యదర్శిగా నుండిరి. జిల్లాలు తిరుగుట, సభ్యులను చేర్చుట, జాబులకు జవాబులు వ్రాయుట వారి నిత్యకృత్యము. 1956లో వారు ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రులైరి.

మూడవది రాజకీయ విద్య. నిడుబ్రోలునందు రంగాగారు నెలకొల్పిన రైతాంగ విద్యాలయమును, 1937 వేసవిలో ఒంగోలు సమీపమున కొత్తపట్నమునందు ప్రభుత్వాగ్రహమునకు గురియైన పాఠశాలయు అట్టివి. యువకులకు అర్థశాస్త్రము, చట్టములు, ప్రసంగవిద్య అచ్చట నేర్పబడెను.

ధనబలము లేని కులములకు ఈ మార్గము మఱింత ముఖ్యము. దామోదరము సంజీవయ్యగారు కర్నూలు జిల్లాలోని పెదపాడునందు పేద దళిత కుటుంబమున జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, న్యాయశాస్త్రము చదివిరి. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులై, 1952లో మదరాసు శాసనసభకు ఎన్నికై, మంత్రి పదవులు నిర్వహించి, 1960లో ముఖ్యమంత్రులైరి. బాలయోగిగారు 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులు. 1991లో లోకసభ సభ్యులు. 1996లో ఓడిపోయినను తెలుగుదేశము పక్షము వారిని విడువక శాసనసభకు నిలువబెట్టి మంత్రిని చేసెను. 1998లో వారు లోకసభాపతులైరి. ఓడినవానిని వదలివేయు పక్షమునకు నాయకులు మిగులరు. ఓడినవానిని వదలివేయు సంఘమునకును అంతియే.

ఇప్పటి చట్టములు మనకనుకూలముగనే యున్నవి. ఇరువది యొకటవ యేట పంచాయతీకి పోటీచేయవచ్చును. శాసనసభకు ఇరువదియైదేండ్లు నిండవలెను. నడుమ నున్న నాలుగేండ్లును పని నేర్చుకొను కాలముగా వినియోగించుకొనవలెను. మన రెండు రాష్ట్రములయందును గ్రామపంచాయతీ ఎన్నికలు పక్షముల గుర్తులు లేక జరుగును. మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికలు గుర్తులతో జరుగును. కావున సర్పంచిగా గెలిచినవాని స్వంత పలుకుబడి యెంతటిదో పక్షములకు తేటపడును. అన్ని వాడలవారు ఓటువేసినచో వానిని గుర్తించి పైకి పిలుతురు. ఒక్క మన వీధి ఓట్లతో గెలిచినవానిని పిలువరు. మన యువకుడు మన వాడుగా మాత్రమే మిగిలినచో వాని ప్రయాణము అచ్చటితో ఆగిపోవును.

ఇక చేదైనను ఒక్క సంగతి చెప్పక తప్పదు. పక్షములు నేడు తరచుగా నాయకుల కుమారులకును, ధనవంతులకును స్థానము లిచ్చుచున్నవని మనము నిందింతుము. మన సంఘమందును పోషకుల కుమారులకే మొదటి పేరు వచ్చుట న్యాయమా? స్థానిక సంస్థలయందు సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడియుండగా, గెలిచిన సోదరి యింటనుండుటయు, భర్త సభలో కూర్చుండుటయు న్యాయమా? 2023లో జరిగిన రాజ్యాంగ 106వ సవరణము శాసనసభలయందును లోకసభయందును స్త్రీలకు మూడవవంతు స్థానములు నిర్ణయించినది. పంచాయతీలో నోరు విప్పనీయని సోదరిని రేపు శాసనసభకు ఏ ముఖముతో పంపగలము?

కావున మహాసభవారికి నా మనవి యిది. ఎన్నికల ఖర్చునకై చందాలు వసూలు చేయుట తగ్గించి, శిక్షణనిధి యొకటి యేర్పఱుపుడు. ప్రతి వేసవియందును మన వసతిగృహమున నెలదినములు తరగతులు పెట్టి, గ్రామపంచాయతీ లెక్కలు, ఆదాయవ్యయ పట్టిక, సమాచారహక్కు చట్టము, సభలో మాటలాడు తీరు నేర్పింపుడు. ఇతర కులముల పిల్లలనుగూడ చేర్చుకొనుడు; రేపు కలిసి పనిచేయవలసినది వారితోనే. వార్డు సభ్యులైన మన యువతీయువకుల చదువునకును, ఓడినవారి జీవనమునకును కొంత సాయమొనర్పుడు. అట్లు చేసినచో వారి పేరును వారి పనియే చెప్పును; మన పెద్దలు విన్నపములు పట్టుకొని వాకిళ్లలో నిలువబడు నవసరము తగ్గును.