లండన్ బదిలీ, జీతం పేచీ



హైదరాబాద్‌లో పనిచేసే ఇంజినీరును కంపెనీ తన లండన్ ఆఫీసుకు పంపుతుంది. ఉద్యోగం పాతదే, ఊరే కొత్తది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి రచ్చకెక్కింది ఈ బదిలీ వీసాయే.

2011లో బ్రిటన్ నైపుణ్య వీసాలకు ఏటా 20,700 అని పరిమితి పెట్టింది. కంపెనీ బదిలీలను మాత్రం అందులోంచి తప్పించింది. ఏడాదిలోపు వచ్చేవారికి 24,000 పౌండ్లు, అంతకుమించి ఉండేవారికి 40,000 పౌండ్లు కనీస జీతం అంది. మెలిక ఎక్కడుందంటే, ఇంటి అద్దె భత్యాన్నీ కొంతమేరకు ఆ జీతంలోనే చూపించవచ్చు. అందుకే కాగితం మీద జీతం ఘనంగా కనిపించినా, స్థానికుల కంటే వీళ్లే చవకగా పడతారని అక్కడి ఐటీ ఉద్యోగుల ఫిర్యాదు.

కంపెనీల వాదన వేరు. ప్రాజెక్టు ఆనుపానులు తెలిసినవాళ్లు రాత్రికి రాత్రి బజార్లో దొరకరు కదా అంటాయి.

వలస సలహా సంఘం 2016లో నివేదిక ఇచ్చాక ప్రభుత్వం బిగించింది. 2017 ఏప్రిల్‌లో స్వల్పకాలిక దారి మూసేసింది. ఎక్కువమందికి కనీస జీతం 41,500 పౌండ్లయింది. పెద్ద కంపెనీలు ఒక్కో ఉద్యోగికి ఏటా 1,000 పౌండ్ల నైపుణ్య సుంకం కట్టాల్సి వచ్చింది.

2025లో పేచీ మళ్లీ మొదలైంది. భారత్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరినప్పుడు, అక్కడి నుంచి తాత్కాలికంగా వచ్చేవారికి మూడేళ్లపాటు జాతీయ బీమా చందా మినహాయించడానికి బ్రిటన్ ఒప్పుకుంది. స్థానికులకు అన్యాయమని ప్రతిపక్షం మండిపడింది. ఇలాంటి ఏర్పాట్లు ఇతర దేశాలతోనూ ఉన్నాయని ప్రభుత్వం బదులిచ్చింది. నిజానికి భారత్ నుంచి వెళ్లేవారికి అంతకుముందే 52 వారాల మినహాయింపు ఉంది.