పుటలో చోటు దొరకని పేరు



విద్యార్థి యనగానే మీ మనస్సునకు తట్టెడి రూపము వేఱు, ఈ గొంతు వేఱు. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో పిల్లలకు తెలుగు చెప్పి, పింఛను పుచ్చుకొనుట మొదలిడిన తరువాత 2019లో నేను తిరిగి విద్యార్థినైతిని. విశ్వవిద్యాలయమున పరిశోధకుడుగా చేరి, అయిదేండ్లు శ్రమించి, 2024లో డాక్టరు పట్టమును పొందితిని. ఆ వార్త మా వీధిలో పొక్కిన మఱునాడే ఒక వృద్ధురాలు మోకాలినొప్పికి మందడుగ వచ్చినది. ఆమెకు నా వైద్యమెట్టిదో విప్పి చెప్పుటకు నాకు పట్టిన సేపు మౌఖికపరీక్షలో సహితము పట్టలేదు.

నేటి నా ప్రసంగము ఆ సిద్ధాంతగ్రంథము మొత్తమును గుఱించినది కాదు. అందలి యొక్క పుటను గుఱించినది. ఏ సిద్ధాంతగ్రంథము తెఱచినను మొదట కనబడు పుట అది. దానికి ‘కృతజ్ఞతలు’ అని పేరు. పర్యవేక్షకులకు, శాఖాధ్యక్షులకు, గ్రంథాలయాధికారులకు, తల్లిదండ్రులకు వరుసగా వందనములు చెప్పుట అక్కడి మర్యాద. నేనును ఆ మర్యాదను పాటించితిని. పాటించియు తప్పు చేసితిని. ఆ తప్పును చెప్పుకొనుటకే ఆకాశవాణివారు పిలిచినప్పుడు వెంటనే ఒప్పుకొంటిని.

నా పరిశోధనవిషయము తెలుగు కావ్యముల అవతారికలు. అవతారిక యనగా కావ్యారంభమున కవి ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వంశవర్ణనము మొదలగునవి చేయు భాగము. చదువరులు పలువురు దీనిని దాటి కథలోనికి పోవుదురు. నేనును చిన్ననాట మా గురువుగారివద్ద చదువునపుడు అట్లే దాటిపోయెడివాడను. ఆయన పుస్తకము మూయించి, “ఇంటికి వచ్చినవాడు గుమ్మములో నిలిచి పలుకరింపక నేరుగ వంటయింటిలోనికి పోవునా?” అనెడివారు. ఆ మాట నలువదియేండ్లు నాలో నాని, చివరకు పరిశోధనయై మొలచినది.

అవతారికలను వరుసగా చదువగా నాకు తోచినదేమనగా, ఇవి మన భాషలోని మొదటి కృతజ్ఞతాపుటలు. ఆదికవి నన్నయభట్టునే చూడుడు. రాజరాజనరేంద్రుడు భారతమును తెలుగు చేయుమని కోరినట్లు చెప్పి ఊరకుండక, తన సహాధ్యాయియైన నారాయణభట్టు తనకు తోడ్పడెననియు, ఆ తోడ్పాటు భారతయుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుని తోడ్పాటు వంటిదనియు చెప్పినాడు. చదువులో తనతో సమానుడైనవానిని, ఒక విధముగా పోటీకి నిలువదగినవానిని, సారథి స్థానమున కూర్చుండబెట్టినాడు. అంతమాత్రముతో పోలేదు. రాజరాజు ఆ నారాయణభట్టునకు నందంపూడి గ్రామమును దానము చేసిన శాసనమును రచించినవాడును నన్నయయే. అందు తన మిత్రుని బహుభాషాపాండిత్యమును నోరార పొగడినాడు. నారాయణభట్టు ఏ పద్యమున ఎంత సాయము చేసెనో నేటికిని ఎవరును తేల్చి చెప్పజాలరు. నన్నయ చెప్పకున్నచో ఆ సాయము జరిగినదనియే మనకు తెలిసియుండెడిది కాదు. ఈ సంగతిని నా గ్రంథమున పండ్రెండు పుటలలో వ్రాసితిని. వ్రాసిన చేయి ఎట్టిదో మీరు ముందు విందురు.

మొల్ల తన రామాయణావతారికలో తాను శాస్త్రములు చదివినదానను కాననియు, శ్రీకంఠమల్లేశుని వరమే తనకు కవిత్వము నిచ్చెననియు విన్నవించుకొనినది. తిక్కన తండ్రి కొమ్మన స్వప్నమున కనబడి హరిహరనాథుని సందేశము నెఱిగించినట్లు చెప్పినాడు. ఎవరికి తగినట్లు వారు తమ ఋణమును ఒప్పుకొనిరి. తాళపత్రములకు ప్రతులు వ్రాసిన లేఖకులకు మాత్రము అవతారికలో చోటు లేదు. వారు గ్రంథాంతమున తమ మాట తామే వ్రాసికొనిరి. నడుము విరిగినదనియు, మెడ వంగినదనియు, చూపు మందగించినదనియు, ఇంత కష్టపడి వ్రాసిన పుస్తకమును బిడ్డవలె కాపాడవలయుననియు వేడుకొనిరి. చూచినది చూచినట్లు వ్రాసితిమి, తప్పులున్న నేరము మాది కాదని తప్పించుకొనినవారును కలరు. ఆ రెండవ తెగవారిపై నాకు మొదటినుండియు ఇష్టమెక్కువ.

ఇక అసలు సంగతి. కృష్ణాతీరమున నొక పల్లెలో ఒక రైతు గృహిణి యింట తాటాకుల కట్టలు నాలుగున్నవని తెలిసి పోతిని. అవి దేవునిగూటిలో పసుపుగుడ్డ చుట్టి యుండెను. ఏటేట దసరాలలో మూలానక్షత్రమునాడు వానిని దించి పూజచేయుట వారి యాచారము. ఆ తల్లికి చదువు రాదు. అయినను ఆకులు గడప దాటరాదని ఖండితముగ చెప్పినది. “మీరు దాటవచ్చు, అవి దాటరాదు” అన్నది. పదునొకండు దినములు వారి యరుగుమీద కూర్చుండి వ్రాసికొంటిని. ఆమె ప్రతి దినమును పొలమునకు పోవుచు నాకొక కుంచెడు మజ్జిగ, చేతిలో నొక విసనకఱ్ఱ పెట్టి పోయెడిది. నూనెలో కలిపిన దీపపు మసి పల్చగా రాచినచో గంటపుగీతలు పైకి తేలునని నేను చెప్పగా, ముందు తన అత్తగారి ఫొటోకు దండము పెట్టి, తరువాత మసి తానే తెచ్చి ఇచ్చినది. ఆమె పేరు నా గ్రంథమున ఉన్నది. అంతమట్టుకు నేను బాగుపడితిని.

ఆ కట్టలలో నొకటి క్షేత్రమాహాత్మ్యము. ఇతరప్రతులలో లేని నాలుగు పద్యములు దాని యవతారికలో నున్నవి. ఆ పద్యములలో కవి తనకు ప్రతులు సంపాదించి పెట్టి, శ్లోకార్థములు చెప్పి సాయపడిన యొక సామాన్యుని పేరెత్తి కొనియాడినాడు. నా సంతోషమునకు మేర లేదు. రాజును కాదు, దేవుని కాదు, పనిచేసి పెట్టిన మనుష్యుని! గ్రంథాంతమున లేఖకుడు ‘ప్లవ’ నామ సంవత్సరమున వ్రాసి ముగించినట్లున్నది. అఱువదియేండ్లకొకసారి తిరిగివచ్చు పేరది. లెక్కకు 1781, 1841, 1901 ఈ మూడును ప్లవలే. కవి కాలమునుబట్టి నేను 1781ని గ్రహించితిని. కవి జీవించియుండగనే వ్రాసిన ప్రతి గనుక ఆ పద్యములు కవివే యని డెబ్బది పుటల ప్రకరణము నిర్మించితిని.

మా యూరికి సమీపమున నాకొక సమవయస్కుడైన పండితుడు కలడు. ఇద్దరము ఒకే ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణకు చదివినవారమే. తరువాత ఆయన వ్యావహారికపక్షము, నేను మీరు వినుచున్న పక్షము. అంతవఱకు నష్టము లేదు. కాని ఇరువదియేండ్లక్రింద నేనొక శతకమునకు వ్యాఖ్య వ్రాసి అచ్చువేయగా, ఆయన నిండుసభలో లేచి అందు ముప్పదియేడు తప్పులు చదివి వినిపించెను. ఇంటికి వచ్చి లెక్కించుకొనగా ముప్పదియాఱే తప్పులు. ఆ ఒక్కటి పట్టుకొని నేను ఇరువదియేండ్లు ఆయనతో మాటలాడకుంటిని.

ఆకుల ఛాయాచిత్రములు ఎవరి ద్వారమున ఆయనకు చేరెనో, ఒకనాడు సాయంకాలము స్వయముగ మా యింటికి వచ్చినాడు. కూర్చుండక పూర్వమే, “ఇది ప్లవ కాదోయ్, ప్లవంగ. వకారం తరువాత పురుగు తిన్నచోట సున్న పోయింది. గకారం కాలు మాత్రం మిగిలింది, చూడు. వారమూ తిథీ కూడా ఇచ్చాడుగా, లెక్క కట్టావా?” అన్నాడు. నేను కట్టలేదు. కట్టలేదని ఒప్పుకొనను లేదు. కాఫీ యిచ్చి పంపితిని.

రాత్రి నిద్ర పట్టలేదు. మఱునాడు గ్రంథాలయమునకు పోయి, ఎల్. డి. స్వామికన్ను పిళ్ళగారు 1911లో ప్రకటించిన ‘ఇండియన్ క్రోనాలజీ’ పట్టికలు ముందుంచుకొని నాలుగు దినములు లెక్కలు వేసితిని. ప్లవకు ఏ చుట్టులోను వారతిథులు కుదురలేదు. ప్లవంగకు 1787 కుదురలేదు. 1847 కుదిరినది. అనగా ప్రతి వ్రాయునాటికి కవి పోయి చాలకాలమైనది. ఆ లేఖకుడు గ్రంథాంతమున చెప్పుకొనిన యింటిపేరును, ఆ నాలుగు పద్యములలో కొనియాడబడిన సామాన్యుని యింటిపేరును ఒక్కటే. ఇది అంతవఱకు నా కన్నులయెదుట నుండియు నాకు కనబడలేదు. తాత చేసిన సాయమును కవి చెప్పక విడిచెనని మనుమడు నొచ్చుకొని, తానే పద్యములల్లి అవతారికలో చేర్చినాడు. లేక చేయని సాయమును చేసినట్లు కల్పించినాడు. రెండింటిలో ఏది నిజమో తేల్చుటకు ఆధారము లేదు. నా మనస్సు మొదటిదానివైపే మ్రొగ్గును.

డెబ్బది పుటలు చింపి, ముప్పదియెనిమిది పుటలు క్రొత్తగా వ్రాసితిని. గ్రంథమంతటిలో మేలైన ప్రకరణము అదియే యని పరీక్షకులు మౌఖికపరీక్షలో మెచ్చుకొనిరి. “ఈ కాలనిర్ణయమునకు మీకు దారి ఎట్లు దొరకినది?” అని ఒకరు తిన్నగా అడిగిరి. పురుగు తిన్న చోటు చెప్పితిని. గకారము కాలు చెప్పితిని. పట్టికలు చెప్పితిని. మనిషిని చెప్పలేదు. గొంతువఱకు వచ్చిన పేరును మ్రింగి, మంచినీళ్ళు త్రాగితిని.

నేడు విశ్వవిద్యాలయములలో సిద్ధాంతగ్రంథమును కంప్యూటరుకిచ్చి, ఇతరుల రచనలతో పోల్చి చూచుదురు. విశ్వవిద్యాలయ అనుదాన సంఘము 2018లో చేసిన నియమముల ప్రకారము పోలిక నూటికి పదిపాళ్ళవఱకు ఉన్న దండన లేదు. నా గ్రంథమున నూటికి నాలుగుపాళ్ళే తేలినది. ఆ కాగితమును చూచి మా పర్యవేక్షకులు చాల సంతోషించిరి. నేను సిగ్గుపడితిని. అచ్చైన మాటను దొంగిలించిన ఆ యంత్రము పట్టును. సాయంకాలము వాకిట నిలిచి ఒకడు నోటితో చెప్పిన మాటను అది యెట్లు పట్టగలదు? గ్రంథము ‘శోధగంగ’ యను నిధిలో చేరినది. లోకమున ఎక్కడివారైనను చదువవచ్చును. ఇప్పుడాపుటలో నేను ఒక్క యక్షరమును మార్చలేను.

సంస్కృతమున కృతజ్ఞుడనగా చేసిన మేలును ఎఱిగినవాడు. కృతఘ్నుడనగా దానిని చంపినవాడు. ఎఱిగియు చెప్పనివానికి వేఱుమాట లేదు. కిష్కింధాకాండలో సుగ్రీవునితో లక్ష్మణుడు, మహాపాతకములకు సహితము ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నునకు లేదని పలికిన ఘట్టమును నేను పాఠశాలలో ఏటేట పిల్లలకు చెప్పెడివాడను. సుగ్రీవుడు ఋణమును మఱచినవాడు. నేను మఱవలేదు. ఇద్దరిలో ఎవరు మేలో మీరే యోచింపుడు.

పుటలో చేరనివారు మఱికొందఱున్నారు. వారివిషయమున నా తప్పు ఇంతటిది కాదు, మతిమఱపు మాత్రమే. గ్రంథము టైపుచేసిన యువకుడు శకటరేఫమును ఎన్నడును ఎఱుగనివాడు. నేను దిద్దగా దిద్దగా విసుగుచెంది, “మాస్టారూ, ఈ అక్షరం ఎక్కడ పెట్టాలో మీరొక్కరే చెప్పగలరు, మీ తరువాత ఎవరు చెప్తారు?” అన్నాడు. జవాబు నేటికిని నావద్ద లేదు. గ్రంథాలయమున అటెండరు నా కీళ్ళు చూచి, పై యరలలోని సంపుటములను అడుగకయే దించి బల్లపై పెట్టెడివాడు. ఇంట మా యావిడ అయిదేండ్లు నా కాగితములు కదలకుండ ఇల్లు ఊడ్చినది. ఎట్లు ఊడ్చెనో నాకు తెలియదు. పుటలో ఆమె ‘సహనము’నకు వందనములు చెప్పితిని. చదివి, “సహనమెక్కడిది? రోజూ తిట్టుకొన్నాను” అన్నది. కనుక ఆ వాక్యమును గూడ సవరించుకొనుచున్నాను.

గతమాసమున ఆ పండితుని యింటికి పోయితిని. జరిగినదంతయు చెప్పితిని. ఆయన విని, “ముప్పదియేడో తప్పు ఏదో దొరికిందా?” అని యడిగెను. దొరకలేదంటిని. “నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను” అన్నాడు. ఆకాశవాణిలో ఆయన పేరు చెప్పుదునన్నంత మాత్రమున మండిపడి, పేరు పలికినచో రేడియో కట్టివేయుదునని బెదరించినాడు. ఆ కారణమున ఇప్పుడు చెప్పుట లేదు.

గ్రంథము అచ్చునకు సిద్ధమగుచున్నది. దాని అవతారికలో, ఎవరి పేరునకును ముందు, ఆయన పేరును, వాకిట చెప్పిన ఆ మాటలను వ్రాసి, చిత్తుప్రతిని ఆయనకే దిద్దుటకు పంపితిని. మొన్న తిరిగి వచ్చినది. అచ్చుతప్పులు మూడు దిద్దినాడు, ఒక సంధి విడదీసినాడు, తన పేరు కొట్టివేసినాడు. సంధిని విడిచినట్లే యుంచి, పేరును తిరిగి వ్రాసి నిన్ననే ముద్రాపకునకు పంపితిని.