కాశీకి రెండు దారులు

హొసూరు పక్కన, దక్షిణ పినాకిని ఆనకట్ట ఉన్న కెలవరపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈమధ్య రెండు పాత పుస్తకాలు వెంటవెంటనే చదివాను. రెండూ కాశీ ప్రయాణాలే. ఒకటి కేవలం కల్పన, రెండోది కళ్లారా చూసి రాసింది.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడనే యతి వెంట గోపకుమారుడొకడు నడుస్తాడు. దారిలో తనకు వింతగా తోచినదాని కథ మజిలీలో యతి చెప్పాలన్నది వాడి షరతు. అక్కడక్కడా సాగదీత ఉంది, భాష నేటి పిల్లలకు బరువే. అయినా తరువాత ఏమైందన్న ఆత్రం పుస్తకం మూయనివ్వదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' మరో లోకం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఏ సరుకులు దొరుకుతాయి, దారి ఎలా ఉంది, అక్కడి మనుషుల ఆచారాలేమిటి, అన్నీ ఓపికగా రాశారు. 1838లో అచ్చయింది. మన దేశంలో రైలు రాకముందు ప్రయాణమంటే ఏమిటో నాకింత బాగా చెప్పిన పుస్తకం ఇంకోటి లేదు. రెండింటిలో నా ఓటు దీనికే.

మన హొసూరు, కృష్ణగిరి ఇళ్లలో తెలుగు మాట బతికే ఉంది, చదువే తగ్గుతోంది. రాత్రిపూట పిల్లలకు ఒక మజిలీ కథ బిగ్గరగా చదివి వినిపించండి. వీరాస్వామయ్యగారి యాత్రను మాత్రం మీకోసం చదువుకోండి.