మందుకు లొంగని కణము

1947-48 సంవత్సరములలో బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అను మందునిచ్చెను. దానిని సమకూర్చినది భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందము. పదిమందికి గుణము కనబడెను. కాని కొలది నెలలకే వ్యాధి తిరుగబెట్టెను.

తప్పించుకొను విద్యను కణమునకు మందే నేర్పినదా? చాలవరకు కాదు. కోట్లకొలది కణములు విభజన చెందునపుడు వ్రాతతప్పులవంటి మార్పులు కొన్నింటిలో కలుగుచునే యుండును. మందు తక్కినవానిని చంపి, వీనికి చోటు చేసిపెట్టును. అమినోప్టెరిన్ జాతిదైన మెథోట్రెక్సేట్, కణవిభజనకు వలయు ఒక ఎంజైమును అడ్డగించును. లొంగని కణములలో ఆ ఎంజైము జన్యువునకే అనేక ప్రతులు పుట్టియున్నట్లు 1978లో స్టాన్‌ఫర్డున షిమ్కీ బృందము చూపినది. ఒక్క తలుపునకు తాళము వేయవచ్చును. ఇంటికి నూరు తలుపులున్నచో?

మరికొన్ని కణములు తమ పొరలోని ప్రోటీనుతో, ఏతము వేసినట్లు, మందును వెలుపలికి తోడిపోయును. వింత యేమనగా, ఆ ఏతము తానెన్నడు నెరుగని వేరు మందులను గూడ తోడివేయును.

అందుచేతనే 1960 దశకమునుండి వేర్వేరు రీతుల పనిచేయు మందులను కలిపి యిచ్చుచున్నారు. బిడ్డ ఆడుకొనుచున్నాడు గదా, ఇంకను మందులేలయని తల్లిదండ్రులడుగుట మనము వినుచుందుము. పరీక్షకందని కణములు మిగిలియుండవచ్చును గనుక, పిల్లలలో హెచ్చుగా కనబడు రక్తకాన్సరునకు చికిత్స రెండేండ్లకు పైగా సాగును.