బేరానికి ముందే కుళాయి బాగుచేసుకుందాం
(పట్టణ మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి ఇప్పటిదాకా విన్నాం. నేను ఇంటి గురించి నాలుగు మాటలు చెబుతాను. మనలో చాలామందికి ఉన్న పెద్ద ఆస్తి ఇల్లే. దాన్ని సరదాకి ఎవరూ అమ్ముకోరు. పిల్ల పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో, అప్పు తీర్చడానికో అమ్ముతాం. అవసరం మనది కాబట్టి బేరంలో అవతలివాళ్లదే పైచేయి. అందుకే చూడ్డానికి వచ్చినవాళ్లకు మనమే ఒక సాకు అందించకూడదు.

కొనేవాళ్లు ఇంట్లోకి రాగానే ఏం చేస్తారు? కుళాయి తిప్పి చూస్తారు, తలుపు మూసి చూస్తారు, గోడ మీద చెయ్యి పెడతారు. కట్టేసిన కుళాయి కారుతుంటే "లోపల పైపులన్నీ ఇంతేనా?" అంటారు. చవకగా పోయే పనికి వేల రూపాయలు తగ్గించమంటారు.

కారే కుళాయి కింద ఒక గ్లాసు పెట్టి చూడండి. అరగంటకు 200 మిల్లీలీటర్లు నిండితే రోజుకు దాదాపు 10 లీటర్లు పోతున్నట్టే. మామూలుగా పాతరకం కుళాయిలో అరిగేది వాషరే. ముందు గేట్ వాల్వ్ కట్టేయండి. కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. పైభాగం విప్పి, పాత వాషర్‌ని షాపుకు తీసుకెళ్లి అదే సైజుది తెచ్చి వేయండి. పావు తిప్పుతో తెరుచుకునే కొత్తరకానికి ఈ వాషర్ ఉండదు, లోపలి స్పిండిల్ మార్చాలి. కుళాయి గోడకు కలిసేచోట కారుతుంటే దాన్ని విప్పి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. బిగించేటప్పుడు ఏ వైపు తిప్పుతామో చూసుకుని, టేపు ఊడిరాకుండా చుట్టాలి.

తలుపు గడియ పడకపోతే ముందు బందుల స్క్రూలు బిగించి చూడండి. పగిలిన స్విచ్చి ఉంటే మాత్రం మీరు ముట్టుకోకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇక గోడ చెమ్మ. చాలామంది దాని మీద రంగు వేయించేస్తారు. తడి గోడ మీద వేసిన రంగు పొంగి, పెచ్చులుగా రాలుతుంది. ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడాలి. పైకప్పులో చెమ్మ ఉంటే డాబా మీద పగుళ్లు, తూము దగ్గర చూడండి. బాత్రూం అవతలి గోడకు ఉంటే పైపు జాయింట్లు చూడండి. గోడ అడుగున వరసగా ఉంటే నేలలోంచి ఎక్కుతుండొచ్చు. దానికి తాపీ మేస్త్రి సలహా కావాలి. కారణం సరిచేసి, గోడ బాగా ఆరాకే రంగు.

ఖర్చు దగ్గర జాగ్రత్త అక్కా! అమ్మే ఇంటికి సంఘం అప్పు తెచ్చి టైల్స్ మార్పించొద్దు. ఆ డబ్బు ధరలో తిరిగొస్తుందన్న నమ్మకం లేదు, వడ్డీ మాత్రం మన మీదే పడుతుంది. కారడం ఆపడం, గడియలు, శుభ్రం, అవసరమైన చోట సున్నం... అంతవరకే. పెద్ద పని ఉంటే మేస్త్రితో అంచనా రాయించి దగ్గర పెట్టుకోండి. అప్పుడు కొనేవాళ్లు నోటికొచ్చిన అంకె చెప్పి ధర తగ్గించలేరు.

ఇంకో మాట. బాగుచేయడం వేరు, కప్పిపుచ్చడం వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలుగా చూస్తే కొనేవాళ్లకు తెలియని ముఖ్యమైన లోపం మనకు తెలిస్తే, అది వాళ్లకు చెప్పాల్సిందే. వానాకాలంలో కప్పు కారే సంగతి దాచి అమ్మితే రేపు నోటీసు రావొచ్చు. చెప్పి అమ్మితే ధర కొంచెం తగ్గినా నిద్ర పడుతుంది.

చివరగా ఒక ప్రతిపాదన. పైప్ రెంచి, స్క్రూడ్రైవర్లు, నాలుగు రకాల వాషర్లు, టెఫ్లాన్ టేపు ఒక సంచిలో వేసి ప్రతి వార్డు సమాఖ్యలో ఉంచుదాం. అవసరమైనవాళ్లు పుస్తకంలో రాసి తీసుకెళ్లి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. సంఘానికి ఇద్దరైనా ఈ పని నేర్చుకుంటే ఇల్లు అమ్మేవాళ్లకే కాదు, ఇంట్లోనే ఉండేవాళ్లకూ ఉపయోగం. ఈ ప్రతిపాదనను సభ ఆమోదించాలని కోరుతున్నాను.