విశ్లేషణ రసాయన సభలు – మన బావి నీరు
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



రసాయన విశ్లేషణమును గూర్చియు, ప్రయోగశాలల పరికరములను గూర్చియు జరుగు శాస్త్రసభల విషయమై నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము కోరిరి. పత్తియు జొన్నయు పండించుకొను మన కిన్వట్ తాలూకాకు ఆ సభలతో నేమి పని యని కొందరికి తోచవచ్చును. పని గలదు. అది మన యింటి నీళ్ళబిందెలోనే యున్నది.

విశ్లేషణ రసాయనశాస్త్రము అడుగు ప్రశ్నలు రెండే. ఈ పదార్థములో నేమున్నది? ఎంత యున్నది? బంగారమును గీటురాతిపై గీసి చూచు కంసాలియు, పాలలో లాక్టోమీటరు ముంచి చూచు పాలకేంద్రపు గుమాస్తాయు ఈ శాస్త్రపు గడపలో నిలిచినవారే. లోపలి గదులలో మందుబిళ్ళలోని మలినమును, ధాన్యమునకు అంటిన పురుగుమందును, నీటిలోని సీసమును కొలుచు యంత్రము లున్నవి. క్రొత్త పద్ధతులను కనుగొన్నవారును, యంత్రములను నిర్మించినవారును, వానిని వాడువారును ఒకచోట కలిసికొనుటకే ఈ సభలు. అమెరికాలో 1950లో పిట్స్‌బర్గు నగరమున ఆరంభమైన ‘పిట్‌కాన్’ వానిలో పేరెన్నికగన్నది. జర్మనీలోని మ్యూనిక్ నగరమున ‘అనలిటికా’ సభ రెండేండ్ల కొకమారు జరుగును. అంత దూర మేల? ఆ కోవకు చెందిన సభయు, పరికరముల ప్రదర్శనమును 2019లోను, 2022లోను హైదరాబాదులోని హైటెక్స్ ప్రాంగణమున జరిగినవి. ఇట్టివి ముందును జరుగుచుండును.

హైదరాబాదున జరుగుటకు కారణము లేకపోలేదు. 1944లో అచట నెలకొల్పబడిన ప్రయోగశాలయే నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందినది. ఔషధ కర్మాగారములు ఆ నగరము చుట్టును వెలసినవి. తయారైన ప్రతి మందును పరీక్షించిన పిమ్మటనే బయటికి పంపవలెను గనుక, అచట విశ్లేషకుల అవసరము ఎల్లప్పుడు నుండును. 1956 వరకు మన తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలోనిదే. పిదప నాందేడు జిల్లాలో చేరితిమి. సరిహద్దులు మారినను హైదరాబాదు మనకు పరాయిది కాలేదు. మన పిల్లలు అట్టి సభలలో కూర్చుండ దగినవారే.

ఇక నీళ్ళబిందె సంగతి. మన తాలూకాలోని కొన్ని బావుల నీటిలో పరిమితికి మించిన ఫ్లోరైడు ఉన్నట్లు పరిశోధకులు తెలిపియున్నారు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. అంతకు మించినచో శాశ్వతదంతములు లోలోపల ఏర్పడుచున్న పసివయసుననే హాని కలుగును. పండ్లపై గోధుమరంగు గారలు తేలును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు బిగిసి, నడుము వంగిపోవును. ఈ వ్యాధిని మన దేశమున మొదట గుర్తించినది తెలుగు నేలపైననే. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో దానిని వైద్యులు వర్ణించిరి. పిమ్మట నల్లగొండ పడిన బాధ మీ రెరిగినదే.

ఈ విషమునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తేటగా నున్న నీరు మంచిదని మన పెద్దలు నమ్మిరి. కాచిన నీరు మేలని మనము నమ్ముచున్నాము. కాచుటవలన క్రిములు చచ్చునే గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరి యగుకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును కూడ. కంటికి కనబడని దానిని కొలిచియే తెలిసికొనవలెను. జిర్కోనియము కలిసిన ఎఱ్ఱని రంగుద్రవమును నీటిలో కలిపినచో ఫ్లోరైడు ఎంత యున్న రంగు అంత వెలిసిపోవును. 1966లో ఫ్రాంట్, రాస్ అను నిరువురు శాస్త్రజ్ఞులు లాంథనమ్ ఫ్లోరైడు స్ఫటికమును పొదిగిన ఎలక్ట్రోడును ప్రకటించిరి. దానిని నీటిలో ముంచినచో కలుగు విద్యుత్పీడనమును బట్టి ఫ్లోరైడు ఎంత యున్నదో లెక్క కట్టవచ్చును. శాస్త్రసభలలో మెరుగుదిద్దుకొను పరికరములు ఇట్టివే. కొలత తెలిసిన పిమ్మట ఉపాయము దొరకును. పటికయు సున్నమును వాడి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపురములోని జాతీయ సంస్థవారు రూపొందించిరి. నల్లగొండ పేరిట ప్రసిద్ధికెక్కిన ఆ పద్ధతి ఆఫ్రికా ఖండమునకు సైతము వెళ్ళినది.

కొలతకు గల మహిమకు మనవాని చరిత్రయే సాక్ష్యము. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు కృతార్థులైరి. అమెరికాకు పోయి, 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తము మొదలగువానిలో భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ కొలత చేతికి వచ్చిన పిమ్మటనే కండరములకు శక్తినిచ్చు భాస్వర పదార్థములను వారు కనుగొనగలిగిరి. తప్పిన పిల్లవానిని తక్కువగా చూడకుడని కూడ ఈ కథ మనకు చెప్పును.

తల్లిదండ్రులారా! మా మనవి యొక్కటి. మీరు త్రాగు బావినుండియో, బోరునుండియో ఒక్కొక్క సీసాడు నీరు మీ పిల్లలచేత బడికి పంపుడు. సీసా ప్లాస్టిక్కుది కావలెను. గాజుతో ఫ్లోరైడు కొంత కలియును. కొంతసేపు నీరు తోడి విడిచి, అదే నీటితో సీసాను కడిగి నింపుడు. దానిపై ఊరి పేరు, బావి గుర్తు, తేదీ వ్రాయుడు. ఉపాధ్యాయులు రంగుల పట్టిక గల పరీక్షాపేటికతో పిల్లలచేతనే చూపింపవలెను. అనుమానము కలిగిన నీటిని జిల్లా ప్రయోగశాలకు పంపవలెను. ఫలితములను తెలుగులోను మరాఠీలోను ఒక పుస్తకమున వ్రాయవలెను. తెలుగులో నెందుకన, బిడ్డకును తల్లికిని తెలియుటకు. మరాఠీలో నెందుకన, గ్రామపంచాయతి ఎదుట నిలిచి మంచినీరు అడుగుటకు. మాతృభాషలో అర్థమైన లెక్కను బిడ్డ ఏ భాషలోనైనను చెప్పగలడు.

ఆ పుస్తకములో మొదటి పుట నింపిన చేయి ఒకనాడు గొప్ప సభలో తన పరిశోధనమును చదువవచ్చును. చదువకపోయినను, ఆ యింటి పిల్లల పండ్లు తెల్లగా నిలిచిన చాలును.