చిన్న కట్ట, పెద్ద బాధ్యత



కట్ట, తూము, అలుగు అనే మాటలు మనకు కొత్త కావు. ఊళ్లో పెరిగిన వారందరికీ అవి తెలుసు. ఈ రోజు నేను చెప్పబోయేది మాత్రం అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉండిన ఒక చిన్న మట్టికట్ట సంగతి. దాని పేరు కెల్లీ బార్న్స్ డ్యాం. దాతలు తప్పక తెలుసుకోవలసిన పాఠం అందులో ఉంది.

టొకోవా అనే పట్టణం దగ్గరి వాగు మీద 1899లో దుంగలు, రాళ్లు పేర్చి చిన్న విద్యుత్ కేంద్రం కోసం ఆనకట్ట వేశారు. తరువాత అక్కడ వెలసిన బైబిల్ విద్యాసంస్థ, తన కరెంటు అవసరాల కోసం దాని మీద మట్టి పోయించి విడతలవారీగా ఎత్తు పెంచింది. చివరికి కట్ట ఎత్తు సుమారు 38 అడుగులు, పొడవు 400 అడుగులు అయింది. 1957లో విద్యుదుత్పత్తి ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ చెరువు విహారానికే మిగిలింది.

కరెంటు ఇచ్చే కట్టను ఎవరో ఒకరు రోజూ చూస్తారు. పంట పండించే చెరువునైతే రైతులే కాపాడుకుంటారు. కేవలం అందం కోసం ఉన్న చెరువును మాత్రం అందరూ చూసి ఆనందిస్తారు గానీ కట్టను పరీక్షగా చూసేవారు తక్కువ.

1977 నవంబరు 2 నుంచి 5 వరకు అక్కడ సుమారు 7 అంగుళాల వాన పడింది. అందులో సగం చివరి రోజు సాయంత్రం నుంచి అర్ధరాత్రి లోపే కురిసింది. 6వ తేదీ రాత్రి ఒంటిగంటన్నరకు కట్ట తెగింది. చెరువులో ఉన్న నీరు మన లెక్కలో టీఎంసీలో ముప్పై ఆరో వంతు మాత్రమే. ఆ కొద్ది నీరే 24,000 క్యూసెక్కుల ఉధృతితో జలపాతం మీదుగా దూకి, దిగువన నిద్రపోతున్న కళాశాల ఆవరణ మీద పడింది. 39 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలు ఎందరో ఉన్నారు.

విచారణ జరిపిన ఫెడరల్ బృందం కారణం ఇదొక్కటే అని చెప్పలేదు. దిగువ వాలు మరీ నిటారుగా ఉంది. దాని మీద చెట్లు పెరిగాయి. 1973లోనే ఆ వాలు ఒకచోట జారింది. కట్ట నిర్మాణానికి సంబంధించిన నక్షాలు దొరకలేదు. నానిన వాలు జారడం, లోపల బుంగ పడటం కలిసి కట్టను తెంచి ఉంటాయని ఆ బృందం భావించింది.

మట్టికట్ట స్వభావం మనం గ్రహించాలి. ఊట ప్రతి కట్టకూ కొంత ఉంటుంది. తేట నీరు ఊరితే గమనిస్తూ ఉండాలి. బురదనీరు వస్తే మాత్రం లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ క్షణమే కదలాలి. చెట్టు వేరు కుళ్లితే అదే నీటికి దారి. అలుగు పూడితే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, పొర్లే నీటికి మట్టి ఎంతోసేపు ఆగదు.

ఈ దుర్ఘటన తరువాత అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, తెగితే ప్రాణనష్టం జరిగే, ఫెడరల్ ప్రభుత్వానికి చెందని ఆనకట్టలను తనిఖీ చేయాలని సైనిక ఇంజనీర్ల దళాన్ని ఆదేశించారు. మరుసటి ఏడాది జార్జియా ఆనకట్టల భద్రతకు చట్టం చేసింది. ఆ మేలు జరిగింది గానీ, 39 ప్రాణాలు పోయాక జరిగింది.

కనుక పార్కుకో, విద్యాసంస్థకో, ఊరికో చెరువు కట్టిస్తామని ఎవరైనా మన దగ్గరకు వస్తే, సంతోషంగా ఇద్దాం. ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. కట్ట దిగువన ఎవరు నివసిస్తున్నారు? పెద్ద వానకు అలుగు చాలుతుందని ఇంజనీరు లెక్క కట్టాడా? వానాకాలంలో కట్ట మీద నడిచి చూసే మనిషి ఎవరు? ఏటేటా మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

శిలాఫలకం మీద పేరు కట్టించిన వారికే దక్కుతుంది. ముళ్లకంపలు కొట్టించిన వారికీ, అలుగు పూడిక తీయించిన వారికీ ఫలకం ఉండదు. అయినా దిగువన నిద్రపోయే పిల్లలను కాపాడేది ఆ రెండో ఖర్చే. మన విరాళంలో దానికీ ఒక వాటా ఉంచాలని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.